అట్ట మీద అస్థిపంజరం, లోపల ఇసుక: ‘ది ఎలిమెంటల్స్’ రివ్యూ

నమస్తే అండి. ముందు ఈ పుస్తకం చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతాను. అట్టకి కిటికీలా చిన్న కంత ఉంది కదా, అందులోంచి ఒక అమ్మాయి మొహం కనిపిస్తోంది. ఇప్పుడు అట్ట తిప్పుతున్నా... చూశారా? లోపల నిండు పేజీ బొమ్మ, కుటుంబం మొత్తం ఉంది. 1979లో వచ్చిన ‘ఫ్లవర్స్ ఇన్ ది ఆటిక్’ నవల ఇది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 50 రూపాయలకి దొరికింది. మురిసిపోతూ ఇంటికొచ్చి తెరిచాను. బైండింగ్ జిగురు ఎప్పుడో ఎండిపోయిందట, సగం పేజీలు ఒళ్ళో పడ్డాయి.

ఇవాళ రివ్యూ దీనిది కాదు, మైకేల్ మెక్‌డవెల్ రాసిన హారర్ నవల ‘ది ఎలిమెంటల్స్’ది. కానీ ఈ కంత చూపించకుండా అసలు కథలోకి వెళ్లలేను.

అమెరికాలో ఈ పాకెట్ సైజు నవలలు మందుల షాపుల్లో, సూపర్‌మార్కెట్లలో కూడా గుండ్రంగా తిరిగే ఇనుప స్టాండ్ల మీద ఉండేవి. తలనొప్పి మాత్ర కోసం వచ్చినవాడి చెయ్యి పుస్తకం మీద పడాలి. అందుకే కంతలు, ఉబ్బెత్తు అక్షరాలు, రక్తం బొట్లు. అమ్ముడుపోని పుస్తకం ఏమయ్యేదో తెలుసా? షాపువాడు అట్ట మాత్రం చింపి ప్రచురణకర్తకి వాపసు పంపితే చాలు, లెక్కలో తగ్గించేవాళ్లు. మిగతాది చెత్తలోకి. కథ కంటే అట్టకే విలువ అన్నమాట!

ఈ హారర్ నవలల గాలి మొదలైంది 1967లో ‘రోజ్‌మేరీస్ బేబీ’తో. 1971లో ‘ది ఎక్సార్సిస్ట్’, ‘ది అదర్’ రెండూ హిట్టయ్యాక ప్రతి ప్రచురణకర్తకీ ఒక దెయ్యం కావాల్సి వచ్చింది. 1974లో స్టీఫెన్ కింగ్ ‘క్యారీ’తో దిగాడు. 80ల్లో జీబ్రా అనే సంస్థ, కథలో పనున్నా లేకపోయినా, అట్ట మీద అస్థిపంజరాన్ని కూర్చోబెట్టేది. నిజం చెప్పాలంటే వీటిలో చాలావరకు చెత్తే. నేను సగంలో వదిలేసినవే ఎక్కువ.

ఆ చెత్తలోనే మైకేల్ మెక్‌డవెల్ దొరుకుతాడు. అలబామా మనిషి. అమెరికన్లు చావుని ఎలా చూసేవాళ్లనే విషయం మీద పీహెచ్‌డీ చేశాడు. అంత చదువుకుని నేరుగా పాకెట్ పుస్తకాలే రాశాడు, కమర్షియల్ రచయితనని గర్వంగా చెప్పుకున్నాడు. 1983లో ‘బ్లాక్‌వాటర్’ని జనవరి నుంచి జూన్ దాకా నెలకో పుస్తకం చొప్పున 6 భాగాలుగా ఇచ్చాడు. ఆంధ్రభూమి వీక్లీలో ‘తులసిదళం’ సీరియల్ కోసం ఎదురుచూసినవాళ్లకి ఆ టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు.

‘ది ఎలిమెంటల్స్’ 1981లో వచ్చింది. మొదలవడమే అంత్యక్రియలతో. చర్చిలో శవపేటిక దగ్గర, చనిపోయిన తల్లి గుండెల్లో కన్నబిడ్డలే కత్తి దింపుతారు. అది వాళ్ల కుటుంబ ఆచారం! ఎందుకో వెంటనే చెప్పడు. తర్వాత ఆ కుటుంబమూ, ఇంకో కుటుంబమూ కలిసి సముద్రం ఒడ్డున బెల్డేమ్ అనే చోటికి వేసవి గడపడానికి వెళ్తాయి. అక్కడ మూడు పాత ఇళ్లు. రెండిట్లో వీళ్లుంటారు. మూడోదాన్ని ఇసుక దిబ్బ మింగేస్తూ ఉంటుంది. పోటు వచ్చినప్పుడు ఆ చోటికి దారే ఉండదు.

13 ఏళ్ల పిల్ల ఒకతి ఉంటుంది. పేరు ఇండియా. అవును, మన దేశం పేరే. ఆ పిల్ల ఇసుక దిబ్బ ఎక్కి, మూడో ఇంటి మేడ కిటికీకి మొహం ఆనించి లోపలికి చూస్తుంది. రక్తం లేదు, అరుపు లేదు, మిట్టమధ్యాహ్నం ఎండ. అయినా నాకు వీపు మీద చెమట చల్లబడింది. దెయ్యం కథంటే రాత్రి, వాన, ఊళలు అనుకుంటాం కదా. ఇతను ఎండతో భయపెడతాడు. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం, ఊరంతా చప్పుడు లేకుండా పడి ఉంటుందే, ఆ భయం.

లోపం లేదా అంటే ఉంది. ఇంట్లో పనిచేసే నల్లజాతి స్త్రీ ఒడెస్సా. దెయ్యాల సంగతి అన్నీ తెలిసిన మనిషిగా ఆమెని వాడుకున్నాడే గానీ, ఆమెకంటూ ఒక జీవితం ఇవ్వలేదు. చివరి పేజీలు కూడా హడావిడిగా పరిగెడతాయి.

80లు ముగిసేసరికి మార్కెట్ నిండిపోయి ఈ గాలి తగ్గింది. 1988లో ‘ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్’ నవల వచ్చాక సీరియల్ కిల్లర్ల హవా మొదలైంది, అట్టల మీద ‘హారర్’ పోయి ‘థ్రిల్లర్’ వచ్చింది. మెక్‌డవెల్ అదే ఏడాది వచ్చిన ‘బీటిల్‌జూస్’ సినిమాకి కథలో, స్క్రీన్‌ప్లేలో చెయ్యి వేశాడు. 1999లో పోయాడు. 2017లో గ్రేడీ హెండ్రిక్స్ ఈ అట్టల చరిత్రంతా ‘పేపర్‌బ్యాక్స్ ఫ్రమ్ హెల్’ అనే పుస్తకంగా తెచ్చాడు. ఇప్పుడు పాత కాపీల కోసం వేట!

మీకు నా సలహా: చదవడానికైతే వాలన్‌కోర్ట్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు మళ్లీ వేసిన కొత్త ప్రింటు తీసుకోండి. అట్ట కోసమైతే పాత కాపీయే వెతకండి, కానీ కొనేముందు బైండింగ్‌ని వేలితో నొక్కి చూడండి. కిటుక్కుమంటే అక్కడే పెట్టేయండి. నా ఒళ్ళో పడిన పేజీలు ఇంకా రబ్బరు బ్యాండులోనే ఉన్నాయి.