గోపీచంద్ వద్దన్న డబ్బు

శ్రోతలకు నమస్కారం.

2001 మార్చిలో, బర్మింగ్‌హామ్‌లో జరిగిన ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ ఫైనల్లో మన పుల్లెల గోపీచంద్ చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించారు. 1980లో ప్రకాశ్ పదుకొణె గెలిచాక ఆ టైటిల్ మళ్ళీ మన దేశానికి రావడానికి 21 ఏళ్ళు పట్టింది. గోపీచంద్ అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టారు. మోకాలి గాయాలు, ఆపరేషన్లు చూసి ఈయన ఆట ఇక అయిపోయిందనుకున్నవాళ్ళూ ఉన్నారు.

గెలిచిన కొన్నాళ్ళకు ఒక కూల్‌డ్రింక్ కంపెనీ ప్రకటనలో నటించమని ఆయన్ని అడిగింది. ఆయన వద్దన్నారు. అలాంటి డ్రింకులు తాగడం తాను ఎప్పుడో మానేశారు. తాను తాగనిదాన్ని పిల్లల్ని తాగమని చెప్పడం ఆయనకు ఇష్టం లేదు.

ఇంతేనా అని మీకు అనిపించవచ్చు. కానీ ఆ రోజుల్లో షటిల్ ఆడేవాడికి ఎంత వచ్చేది? కాలనీల్లో, స్కూలు గ్రౌండ్లలో రెండు గుంజల మధ్య నెట్టు కట్టి ఆడుకునే ఆట అది. సినిమా హీరోలు, క్రికెటర్లు తప్ప ఇంకొకరి ముఖం ప్రకటనల్లో కనిపించడం అరుదు. అలాంటప్పుడు తలుపు తట్టి వచ్చిన డబ్బును ఆయన కాదన్నారు. పేరున్న ఆటగాళ్ళ సంపాదన గురించి ఎప్పుడు మాట వచ్చినా నాకు మొదట గుర్తొచ్చేది ఇదే.

ఆ సంపాదన ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూద్దాం. మన పి.వి. సింధునే తీసుకోండి. 2018లో ఫోర్బ్స్ పత్రిక ప్రపంచంలో ఎక్కువ సంపాదిస్తున్న మహిళా క్రీడాకారుల జాబితా వేసింది. అందులో సింధుది ఏడో స్థానం. ఆమె ఏడాది ఆదాయం 85 లక్షల డాలర్లని ఆ పత్రిక అంచనా. ఆమె కంటే పైనున్న ఆరుగురూ టెన్నిస్ ఆడేవాళ్ళే. అయితే ఆ 85 లక్షల్లో ఆడి గెలుచుకున్న ప్రైజ్‌మనీ 5 లక్షల డాలర్లే. మిగతా 80 లక్షలూ ప్రకటనల ద్వారా వచ్చినవి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆమె తెచ్చిన రజతానికి గానీ, 2019లో బాసెల్‌లో జపాన్ క్రీడాకారిణి ఒకుహారాను 21-7, 21-7తో చిత్తు చేసి గెలిచిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణానికి గానీ నిర్వాహకులు ఇచ్చే ప్రైజ్‌మనీ ఏమీ లేదు. పతకం ఇస్తారు, అంతే. ప్రభుత్వాలు, అభిమానులు ఇచ్చిన బహుమతుల సంగతి వేరు. అంటే సింధు జీవితంలోని అతి పెద్ద రెండు విజయాలకు ఆట నేరుగా ఇచ్చింది సున్నా. ఆ విజయాల వల్ల ఆమె ముఖానికి విలువ వచ్చింది, ఆ ముఖం కోసం కంపెనీలు వచ్చాయి.

"ఆటగాళ్ళకు అన్ని కోట్లు ఎందుకండీ, సరిహద్దులో సైనికుడికి ఇవ్వొచ్చుగా, బళ్ళో టీచరుకు ఇవ్వొచ్చుగా" అంటుంటారు. టీచరుకు జీతం పెరగాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆటగాడి డబ్బు టీచరు జీతంలోంచి తీసింది కాదు. ఐపీఎల్‌నే చూడండి. 2023 నుంచి 2027 దాకా ఐదు సీజన్ల ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. 2024 నవంబరులో జరిగిన వేలంలో రిషభ్ పంత్‌కు 27 కోట్లు పలికాయంటే దాని వెనక ఉన్నది ఈ సొమ్మే. సాయంత్రం ఏడున్నరకు మనం టీవీ ముందు, ఫోన్ల ముందు కూర్చుంటామన్న నమ్మకంతో పెట్టిన డబ్బు అది. వెల కట్టింది మన చూపులకే.

అదే క్రికెట్లో 1983లో ఏం జరిగిందో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కపిల్ దేవ్ జట్టు ప్రపంచకప్పు గెలిచి వస్తే సరైన బహుమతి ఇవ్వడానికి బోర్డు దగ్గర డబ్బు లేదు. లతా మంగేష్కర్ ఢిల్లీలో కచేరీ చేశారు. తాను పైసా తీసుకోలేదు. అలా వచ్చిన సొమ్ములోంచి ఒక్కో ఆటగాడికి లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ లక్షతో పోలిస్తే ఇప్పటి కోట్లు అన్యాయమని నేను అనను. ముప్పై అయిదేళ్ళు దాటితే చాలామందికి ముగిసిపోయే ఉద్యోగం అది. ఒక్క మోకాలు తిరగబడితే అంతకుముందే ముగుస్తుంది. సంపాదించుకోనివ్వండి.

నాకు బాధ కలిగేది వేరే చోట.

రియో ఫైనల్లో కరోలినా మారిన్ చేతిలో ఓడిపోయాక, నేల మీద పడి ఏడుస్తున్న ప్రత్యర్థి దగ్గరికి సింధు వెళ్ళి ఆమెను హత్తుకుంది. కోర్టులో పడి ఉన్న ఆమె రాకెట్‌ను తీసి పక్కన పెట్టింది. అప్పటికి సింధుకు 21 ఏళ్ళు. చిన్నప్పుడు మారేడుపల్లి నుంచి గచ్చిబౌలికి పోనూ రానూ రోజుకు 56 కిలోమీటర్లు తిరిగి ఆట నేర్చుకున్న అమ్మాయి. రియోకు ముందు మూడు నెలలు ఆమె ఫోన్ కూడా కోచ్ గోపీచంద్ దగ్గరే ఉంది. ఇంత చేసి పతకం తెస్తే, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఇంటర్నెట్‌లో వెతికింది ఆమె కులం ఏమిటని. పత్రికల్లో ఆ వార్త చదివిన రోజు నేను సిగ్గుపడ్డాను. అమ్మాయి మాదంటే మాదని రెండు వైపులా వాదించుకున్నాం కూడా. పేరు తెచ్చుకున్న మనిషిని మనం ఎలా వాడుకుంటామో అప్పుడు కనిపించింది.

ఆ పేరు మంచి పనులూ చేసింది. అమ్మాయికి షటిల్ ఎందుకు, ఎండలో నల్లబడుతుంది, చదువు పాడవుతుంది అన్న ఇళ్ళలోనే ఇప్పుడు తెల్లవారుజామున లేచి, కిట్‌బ్యాగు భుజాన వేసుకుని కూతుర్ని కోచింగ్‌కు తీసుకెళ్తున్న నాన్నలు కనిపిస్తున్నారు. ఊరి చివర రేకుల షెడ్డు వేసి, గంటకింతని కోర్టులు అద్దెకిచ్చే చోట్లు చిన్న పట్టణాల్లో కూడా వచ్చాయి. ఏ ప్రకటనా ఈ పని చేయలేదు. వాళ్ళు ఒక అమ్మాయి గెలవడం చూశారు.

మళ్ళీ గోపీచంద్ దగ్గరికి వద్దాం. ఆట మానాక ఆయన తన పేరును దేనికి వాడారు? 2003లో అప్పటి ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాల భూమిని లీజుకిచ్చింది. అకాడమీ కట్టడానికి డబ్బు లేదు. స్పాన్సర్ల కోసం తిరిగారు. బ్యాడ్మింటన్‌లో ఒలింపిక్ పతకం వస్తుందా అని అడిగినవాళ్ళే ఎక్కువ. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లు ఇచ్చారు. అదీ చాలకపోతే గోపీచంద్ తన ఇల్లు తాకట్టు పెట్టారు. 2008లో అకాడమీ తెరుచుకుంది. 2012 లండన్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 రియోలో సింధు రజతం. 2018 ఏప్రిల్లో మన గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్ ప్రపంచ నంబర్ వన్. కూల్‌డ్రింక్ ప్రకటన వద్దన్నాయన ఇల్లు తాకట్టు పెట్టడానికి వెనకాడలేదు. ఏ డబ్బు కావాలో, ఏ డబ్బు వద్దో ఆయనకు తెలుసు.

ఇక జీవాంజి దీప్తి గురించి చెబుతాను. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ ఆమెది. కూలి చేసుకుని బతికే ఇల్లు. మేధో వైకల్యంతో పుట్టిన బిడ్డ. ముఖం చూసి, మాట చూసి ఊళ్ళో ఎగతాళి చేసినవాళ్ళున్నారు. ఇల్లు గడవక తల్లిదండ్రులు ఉన్న కాస్త పొలం అమ్ముకున్నారు. స్కూల్లో పరుగు చూసి కోచ్ నాగపురి రమేశ్ ఆమెను హైదరాబాద్ పంపమంటే, బస్సు టికెట్‌కు కూడా చేతిలో డబ్బు లేని పరిస్థితి. ఆ పరుగుకు తర్వాత అండగా నిలిచినవాటిలో గోపీచంద్ పేరుతో ఉన్న ఫౌండేషన్ ఒకటి. షటిల్‌లో వచ్చిన పేరు ఒక పరుగుల అమ్మాయి దాకా చేరింది.

2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా ఛాంపియన్‌షిప్‌లో దీప్తి 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. నిమిషం కూడా పట్టని ఆ పరుగును మనలో ఎంతమందిమి చూశాం? ఐపీఎల్లో ఒక ఓవర్ వేయడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. మనం చూడకపోతే ఆమె ముఖం కోసం కంపెనీ రాదు, ఆమెలాంటి ఇంకో పిల్లకు షూస్ కొనడానికి ఎవరూ రారు.

2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో దీప్తి స్వర్ణం గెలిచింది. దానికి వచ్చిన బహుమతి డబ్బుతో అమ్మానాన్నలకు మళ్ళీ పొలం కొనిచ్చింది.

సెలవు. నమస్కారం.