పాత ఓడలు, మన తీరం: నెల్లూరు సభలో ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తాను.

పాత విక్రాంత్ సంగతి మీలో చాలామందికి తెలుసు. మన దేశపు తొలి విమానవాహక నౌక, 1971 యుద్ధంలో మన బంగాళాఖాతంలోనే పనిచేసింది. 1997లో సేవ నుంచి తప్పించాక ముంబైలో మ్యూజియంగా ఉంచారు, పిల్లల్ని తీసుకెళ్లి చూపించారు, తర్వాత ఓడ పాడైపోయింది, ఎక్కడం ప్రమాదం అని 2012లో మూసేశారు. 2014లో సుమారు 60 కోట్లకు వేలంలో పోయి ముక్కలైంది. మరో విమానవాహక నౌక విరాట్ గతీ అంతే. దాన్ని మన రాష్ట్రం తెచ్చుకుంటుందని కొన్నాళ్లు మాటలు నడిచాయి, చివరికి గుజరాత్‌లోని అలంగ్‌లో తుక్కు కింద పోయింది. నాకు ఇప్పటికీ బాధే.

మరి విశాఖ బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ 2002 నుంచి ఎలా నిలబడింది? దాన్ని నీళ్లలో వదిలేయకుండా ఒడ్డుకు లాగి కాంక్రీటు మీద కూర్చోబెట్టారు. పొడవు 91 మీటర్లే, విక్రాంత్ 200 మీటర్లు దాటింది. టికెట్ డబ్బులు వస్తాయి, రిటైరైన నేవీ వాళ్లే దగ్గరుండి చూపిస్తారు. ఇనుప ఓడ ఉప్పునీళ్లలో ఊరికే నిలబడితే తుప్పు దాన్ని అన్ని వైపుల నుంచీ తినేస్తుంది. తిరిగే ఓడనైతే డ్రైడాక్, అంటే నీళ్లు తోడేసిన రేవు, ఎక్కించి, గీకి, రంగు వేస్తారు. మ్యూజియం చేశాక ఆ పని ఏటేటా ఎవరు చేయిస్తారు, డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది అన్నది ప్రారంభోత్సవం నాడు ఎవరూ అడగరు. అసలు అడగాల్సింది అదే.

చెక్క ఓడ ఇంకా కష్టం. స్వీడన్‌లో వాసా అనే ఓడ 1628లో మునిగింది, 1961లో పైకి తీశారు. నీళ్లలో నానిన చెక్క ఎండితే ముడుచుకుని పగులుతుంది కాబట్టి, మైనం లాంటి ఒక రసాయనాన్ని 17 ఏళ్లపాటు దానిమీద చిమ్ముతూనే ఉన్నారు. పైగా అక్కడి సముద్రంలో ఉప్పు తక్కువ, చెక్కను తొలిచే పురుగు బతకదు. మన సముద్రంలో ఆ పురుగు హాయిగా బతుకుతుంది. అందుకే మన దగ్గర పాత చెక్క ఓడలు మిగల్లేదని దిగులుపడి లాభం లేదు.

ఓడలు రాలేదని కాదు. మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్లలోకి పోయిన పాత రేవు మోటుపల్లి వెళ్లండి. 1244లో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం అక్కడే ఉంది. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డున పడిన ఓడల సరుకంతా లాక్కునేవాళ్లట, మేం అలా చేయం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని వర్తకులకు రాజు మాట ఇచ్చాడు. అప్పటికే సర్వం పోగొట్టుకున్నవాడి దగ్గర ఇంకా లాక్కోవడం ఏమిటి అనుకున్న రాజు మన తీరాన్ని ఏలాడు! ఆ మాట మన బడిపిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది కుట్టు పడవ గురించి. మసూలా పడవ అనేవాళ్లు. ఒక్క మేకు ఉండదు. పలకల అంచుల వెంబడి బెజ్జాలు వేసి, అతుకు మీద పీచు గానీ గడ్డి గానీ మెత్తగా పరిచి, దాని మీదుగా కొబ్బరి తాడుతో బిగించి కుడతారు. అలలు విరుచుకుపడే ఒడ్డున మేకులు కొట్టిన పడవ ఇసుకకు కొట్టుకుంటే పగులుతుంది, ఇది కాస్త వంగి తట్టుకుంటుంది. మద్రాసుకు హార్బరు లేని రోజుల్లో ఓడ నుంచి ఒడ్డుకు దొరల్నీ సరుకునీ చేర్చినవి ఈ పడవలే. తాడు కుళ్లుతుంది, విప్పి మళ్లీ కుట్టాలి, అలా కుడుతూ ఉన్నంతకాలమే అది పడవ. కుట్టేవాడు లేకుండా తెచ్చి గాజు అద్దాల వెనక పెడితే కొన్నేళ్లకు పలకలు మిగులుతాయి, అంతే. ఫైబర్ బోట్లు వచ్చాక మత్స్యకారులు వాటికి మారారు. వాళ్లను తప్పుపట్టడానికి మనకేం హక్కుంది, బతుకుతెరువు వాళ్లది. కానీ కుట్టడం చేతనైన పెద్దాయన ఏ పల్లెలో ఉన్నా, ఆయనకు కూలి కాదు, గురువుకు ఇచ్చినట్టు జీతం ఇచ్చి నలుగురు కుర్రాళ్లకు నేర్పించాలి, ఒక్కో ముడినీ వీడియో తీయాలి.

బకింగ్‌హాం కాలవ కూడా ఈ లెక్కలోదే. 1806లో మద్రాసు దగ్గర మొదలై అంచెలంచెలుగా పెద్దగంజాం దాకా వచ్చింది. ఉప్పు, బియ్యం, కట్టెలు పడవల మీద మద్రాసు పోయేవి. రైలు, లారీ, తుపాన్లు కలిసి దాన్ని పక్కన పడేశాయి. 2008లో జాతీయ జలమార్గంలో చేర్చారు, సంతోషం, కానీ పూడిక తీసేటప్పుడు పాత లాకులను రాళ్ల కుప్ప అనుకుని పగలగొడితే మళ్లీ కట్టలేం.

కాబట్టి నేను పెద్ద యుద్ధనౌక తెమ్మని అడగడం లేదు. ఒడ్డుకు దూరంగా, ఎత్తులో, గాలి ఆడే ఒక రేకుల షెడ్డు, అందులో ఒక పడవ, దాన్ని ఏటా విప్పి కుట్టే మనిషి, ఆయన జీతానికి పంచాయతీ బడ్జెట్‌లో ఒక పద్దు. మైపాడు, ఇస్కపల్లి, కొత్తపట్నం వైపు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఉంటే సభ అయ్యాక ఆగండి. మీ ఊళ్లో పాత పడవ పలకలు, తెరచాప కొయ్యలు, లాకుల ఫోటోలు ఎవరింట్లో ఉన్నాయో ఈ రోజే రాసుకుందాం.