ప్యాడ్ పెట్టంగనే పటపట ఎందుకు?

అందరికీ నమస్తే. ఒక గది, ఒక ల్యాప్‌టాప్, ఒక మైకుతో జానపదాలు, బతుకమ్మ పాటలు చేసేటోళ్లే ఇక్కడ ఎక్కువమంది. అందుకే సాఫ్ట్‌వేర్ సింథ్ (కంప్యూటర్‌లోనే ధ్వని పుట్టించే వాయిద్యం) గొప్పలు పక్కనపెట్టి, అందరికీ తగిలే తిప్పల దగ్గరే మొదలుపెడదాం. డప్పు మంచిగుంటది, గొంతు మంచిగుంటది. వెనకాల ఒక ప్యాడ్ (సాగుతూ మోగే సింథ్ ధ్వని) పెట్టంగనే పటపటమంటది. టాస్క్ మేనేజర్ చూస్తే ప్రాసెసర్ వాడకం 30 శాతమే. మరెందుకు?

ఆ 30 శాతం అన్ని కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగ పనిచేసే భాగాల) సగటు. ఒక ట్రాకు మీది సింథ్ మామూలుగా ఒక్క కోర్ మీదనే నడుస్తది. అది నిండిపోయినా మిగతావి ఖాళీగ కూర్చుంటయి. పైగా దానికి గడువుంటది. బఫర్ (ఒక్కసారికి లెక్కగట్టే శాంపిళ్ల మూట) 256, శాంపిల్ రేటు (సెకనుకు ఎన్ని ధ్వని ముక్కలన్నది) 48,000 అయితే గడువు 5.3 మిల్లీసెకన్లు. అంతలోనే 256 శాంపిళ్లు లెక్కగట్టి ఇయ్యాలె. ఆలస్యమైతే అక్కడ ధ్వని తెగుతది. ఆ తెగిన చోటే పటపట.

సర్జ్ ఎక్స్‌టీ అనే సింథ్‌తో లెక్క చూద్దాం. ఉచితం; దీని పాత రూపం సర్జ్ సోర్స్ కోడ్ 2018లో బయటపెట్టిన్రు; విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తది. ఒక సీన్‌లో (ధ్వని పొరలో) మూడు ఆసిలేటర్లు (తరంగం పుట్టించేవి). మూడింటికీ యూనిసన్ (ఒకే తరంగానికి ఎన్ని నకళ్లన్నది) 7 పెడితే ఒక్క స్వరానికి 21 తరంగాలు. నాలుగు స్వరాల కార్డుకు (ఒకేసారి మోగే స్వరాల గుంపుకు) 84. ప్యాడ్ కదా అని రిలీజ్ (వేలు తీసినంక మోగే సమయం) 6 సెకన్లు పెడతరు. కార్డు 2 సెకన్లకోసారి మారితే, వేలు తీసిన పాత కార్డులు మూడు ఇంకా మోగుతనే ఉంటయి. అంటే 16 స్వరాలు, 336 తరంగాలు. చెవికి మాత్రం ఒక్కటే ప్యాడ్.

యూనిసన్ 7 ఒక్క ఆసిలేటర్‌కే ఉంచి, మిగతా రెండింటికి 1 చేయండి. రిలీజ్ 1.5 సెకన్లకు దించి, ఆ సాగుడు రివర్బ్‌తో (గది మోత లాంటి ఎఫెక్ట్‌తో) తెచ్చుకోండి. రివర్బ్ అన్ని స్వరాలకూ కలిపి ఒక్కటే కదా. ఇప్పుడు ఎక్కువలో ఎక్కువ 8 స్వరాలు, 72 తరంగాలు. డప్పు కింద ఆ తేడా పట్టేటోళ్లు తక్కువ. పాలీఫోనీ (ఒకేసారి మోగే స్వరాల) పరిమితి తగ్గించినా భారం దిగుతది గానీ, పాత స్వరాలు మధ్యలోనే తెగుతయి. అది ఆఖరి ఉపాయం.

ఇక కిన్నెర లాంటి మీటు ధ్వని. దానికి సర్జ్‌లో స్ట్రింగ్ ఆసిలేటర్ ఉంది. దీని మూలం 1983లో కార్‌ప్లస్, స్ట్రాంగ్ చెప్పిన పద్ధతి: చిన్న రొద ముక్కను ఒక వలయంలో తిప్పుతరు, చుట్టు చుట్టుకూ కొద్దిగ మెత్తబరుస్తరు. 48,000 రేటుకు వలయం 200 శాంపిళ్లయితే 240 హెర్ట్జ్ స్వరం. పై హార్మోనిక్స్ (స్వరంలోని సన్నని అంశాలు) ముందు చస్తయి, నిజం తంతిలో లెక్కనే. ఎక్సైటర్ (తంతిని మీటే రొద) బర్స్ట్ రకం పెట్టండి, డీకే (మోత నిలిచే సమయం) తగ్గించండి, రెండో తంతిని జర డీట్యూన్ చేయండి (శ్రుతి కొద్దిగ తప్పించండి). యూనిసన్ అక్కర్లేదు కాబట్టి తేలిక. కిన్నెర సొరబుర్రల మోత మాత్రం ఇందులో రాదు. పాలమూరు దిక్కు పన్నెండు మెట్ల కిన్నెర వాయించేటోళ్లు దొరికితే సింథ్ మూసి మైకు పెట్టుడే మేలు.

పొద్దున మంచిగ నడిచిన ప్రాజెక్టు మే నెల మధ్యాహ్నం పటపటమంటే సింథ్‌ను తిట్టకండి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటది. కరెంటు పోయి బ్యాటరీ మీదికి వచ్చినా చాలా ల్యాప్‌టాపుల్లో ఇదే కథ. అడుగున గాలాడేటట్లు ఎత్తు పెట్టండి, పరుపు మీద అసలే వద్దు.

విండోస్‌లో అయితే డ్రైవర్ (ఆడియో పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఆసియోదే వాడండి. కీబోర్డు వాయిస్తూ రికార్డు చేసేటప్పుడు బఫర్ 128, మిక్సింగ్‌కు 1024. ప్యాడ్ ఖాయమైనంక ట్రాకును ఫ్రీజ్ చేయండి (ఆడియోగ మార్చి సింథ్ భారం దించుడు). వేరే స్టూడియోకు పంపేటప్పుడు మాత్రం ఫ్రీజ్ సరిపోదు. ప్రతి సింథ్ ట్రాకునూ పాట మొదటి నుంచి వేవ్ ఫైలుగ తీసి, ప్యాచ్‌ను (సింథ్ సెట్టింగులను) కూడా వేరేగ సేవ్ చేసి పెట్టుకోండి.