పిడికిట్లో బురద

అందరికీ నమస్కారం.

నల్లగొండలో నిలబడి సముద్రం అడుగున పడి ఉన్న ఓడల గురించి మాట్లాడతానంటే మా ఇంట్లోనే నవ్వారు. నిజమే, మనకు సముద్రం లేదు. కృష్ణ ఉంది, మూసీ ఉంది, డిండి ఉంది, ఇక బావులు. నేను ఈత నేర్చింది దేవరకొండ దిక్కున మా మేనమామ వాళ్ల మోటబావిలో, వీపుకు సొరకాయ బుర్ర కట్టుకుని. బుర్ర విప్పేశాక అసలు పరీక్ష ఉండేది: గట్టు మీంచి దుంకి అడుగు ముట్టి రావాలి. ముట్టి వచ్చానంటే ఎవరూ నమ్మరు. "ఏదీ, చూపియ్యి" అంటారు. పిడికిట్లో బురద ఉంటేనే లెక్క.

బడి పంతులుగా రిటైరయ్యాక లోతు నీళ్లలో ఓడలు వెతికే డైవర్ల జ్ఞాపకాలు చదవడం అలవాటైంది. ఏ పుస్తకం తెరిచినా నాకు ఆ గట్టు మీది మాటే వినిపిస్తుంది.

1991లో అమెరికాలో న్యూజెర్సీ తీరానికి దూరంగా, దాదాపు 70 మీటర్ల లోతున, కొందరు డైవర్లకు ఒక జర్మన్ జలాంతర్గామి కనబడింది. రెండో ప్రపంచయుద్ధం నాటిది. అక్కడ అలాంటిది మునిగినట్టు ఏ నౌకాదళం కాగితాల్లోనూ లేదు. జాన్ చాటర్టన్ అనే డైవర్ లోపలి నుంచి ఒక కత్తి తెచ్చాడు. దాని పిడి మీద హోరెన్‌బర్గ్ అని చెక్కి ఉంది. ఆ పేరుగల మనిషి యూ-869 అనే జలాంతర్గామిలో పనిచేశాడని తేలింది. కానీ కాగితాల ప్రకారం యూ-869 మునిగింది జిబ్రాల్టర్ దగ్గర, సముద్రానికి అవతలి ఒడ్డున! కత్తి చేతులు మారి ఉండొచ్చు కదా? చాటర్టన్, అతని తోటి డైవర్ రిచీ కోలర్ మళ్లీ మళ్లీ దిగారు. చివరికి 1997లో విడిభాగాల పెట్టె మీది చిన్న రేకు దొరికింది. దాని మీద ఆ నంబరు ఉంది. లోపల చనిపోయిన 56 మంది సమాధి ఎక్కడుందో అప్పటికి గాని లోకానికి తెలియలేదు. మా మామ అయినా ఆ రేకు చూశాకే ఒప్పుకునేవాడు.

ఆ ఆరేళ్లలో ముగ్గురు డైవర్లు పోయారు. వాళ్లలో ఇద్దరు తండ్రీకొడుకులు. 1992లో మామూలు గాలి సిలిండర్లతోనే దిగారు. లోపల ఏదో మీద పడి కొడుకు ఇరుక్కున్నాడు, తండ్రి విడిపించాడు. కానీ అప్పటికే సమయం మించిపోయింది, పైకి వెళ్లే తాడు దొరకలేదు. మధ్యలో ఆగాల్సిన చోట్ల ఆగకుండా ఇద్దరూ పైకి వచ్చేశారు. బతకలేదు.

ఆగడమేమిటంటారా? నీళ్లలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణం బరువు, అంటే గట్టు మీద మన మీదుండే గాలంత బరువు, మీద పడుతుంది. పైనున్న గాలిది కూడా కలిపితే 70 మీటర్ల దగ్గర మొత్తం ఎనిమిది. ఆ ఒత్తిడికి గాలిలోని నైట్రోజన్ ఒంట్లోకి కరిగిపోతుంది. మెల్లగా వస్తే ఊపిరితో బయటికి పోతుంది. తొందరపడితే గోలీసోడా కొట్టినట్టే, నురగ నెత్తుట్లో లేస్తుంది. ఎంతెంత సేపు ఎక్కడెక్కడ ఆగాలో మొదట లెక్కగట్టింది హాల్డేన్ అనే శాస్త్రవేత్త, 1908లో. ప్రయోగాలు చేసింది మేకల మీద. ఒత్తిడి గబుక్కున తగ్గిస్తే పాపం ముందరి కాలు ఎత్తిపట్టి కుంటేవట. మా ఊరి మేకల కాపరికి ఈ సంగతి చెబితే ఆ దొర మీద కేసు పెట్టాలన్నాడు.

కాబట్టి అడుగున ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు గడిపినవాడు లంగరు తాడు పట్టుకుని గంటకు పైగా వేలాడాలి. చలి. పైన పడవ అడుగు కనబడుతూనే ఉంటుంది. చివరి మూడు మీటర్ల దగ్గరే అన్నిటికన్నా ఎక్కువసేపు. నేను ఈ పుస్తకాల్లో ముందు వెతికేది ఆ తాడు పేజీలనే. పింగాణీ పళ్లేల కోసం పందెం వేసుకునే అధ్యాయాలు నాకు విసుగు. 1956లో మునిగిన ఆండ్రియా డోరియా ఓడ నుంచి పళ్లేలు తెచ్చి అల్మారాల్లో పెట్టుకున్నవాళ్లు బోలెడుమంది. మన నాగార్జునకొండలో 1954 నుంచి తవ్వి, నీళ్లు రాకముందే గుట్ట మీదికి చేర్చినవాళ్ల పని దానికంటే గొప్పదని నా పక్షపాతం.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ లోతులో అదే నైట్రోజన్ మత్తెక్కిస్తుంది, కల్లు తాగినట్టు. గడియారం చూస్తాడు, అంకె మనసుకెక్కదు. ఒకడికి అంతా హాయిగా ఉంటుంది, ఇంకొకడికి భయం పుడుతుంది. పైగా కాళ్లాడిస్తే ఒండ్రు లేచి చెయ్యి కూడా కనబడదు. ఆ తర్వాత ఇలాంటి డైవర్లకు హీలియం కలిపిన గాలి అందుబాటులోకి వచ్చి మత్తు తగ్గించింది గాని, పాత కథలు చాలావరకు ఆ మత్తులో చూసినవే. మరి ఇరవై ఏళ్ల తర్వాత "కుడివైపు తలుపు, దాని వెనక పుర్రె" అని అంత స్పష్టంగా ఎలా రాస్తారు?

అబద్ధాలంటున్నానని కాదు. ఒకే ఓడలోకి దిగిన ఇద్దరి పుస్తకాలు పక్కపక్కన పెట్టుకోండి. వాళ్లు ఎక్కడ కలవరో అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. "ఇక్కడ నాకు గుర్తు లేదు" అని రాసినవాడి పుస్తకం నేనైతే రెండోసారి కొంటాను.

నా సంగతి కూడా చెప్పేయాలి. పన్నెండేళ్లప్పుడు బావిలో సగం దాకా పోయేసరికి చెవులు పోటెత్తాయి. అడుగు ముట్టలేదు. నీళ్లలో మునిగిన మెట్ల సందులోంచి గుప్పెడు మట్టి గీకి పైకి తెచ్చి చూపించాను. అందరూ ఈలలు వేశారు. మామ మాత్రం నా వేళ్లు విప్పి, మట్టి నలిపి, వాసన చూశాడు. మా బావి అడుగు బురద నల్లగా, కంపు కొడుతూ ఉంటుంది.

"ఎర్రగున్నదేందిరా" అన్నాడు, నాకొక్కడికే వినబడేట్టు. తర్వాత నా చెయ్యి నీళ్లలో ముంచి కడిగేశాడు.