మిద్దె మీద, రాత్రి తొమ్మిదింటికి

శ్రోతలందరికీ నమస్కారం.

మే నెలలో కర్నూలు మధ్యాహ్నం ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పదకొండు దాటితే కొండారెడ్డి బురుజు దగ్గర కూడా జనం పలచబడతారు. తుంగభద్రలో బండలు తేలి ఉంటాయి. సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికొస్తే గోడలు ఇంకా సెగ కక్కుతూనే ఉంటాయి. యాభై దాటిన నాకు ఈ ఎండాకాలంలో ఒకటే సరదా. రాత్రి మిద్దె మీద పడుకుని చుక్కల్ని పేరుపేరునా గుర్తుపట్టడం. కాసేపు దాని గురించే మాట్లాడతాను.

పొద్దు గుంకగానే నాలుగు బిందెల నీళ్ళు మిద్దె మీద చల్లుతాం. పగలంతా ఎండ తాగిన సిమెంటు సుయ్యిమంటుంది. ఆ నీళ్ళు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి. ఎనిమిదిన్నరకల్లా మంచం వేసుకునేంత చల్లబడుతుంది. ఒక దుప్పటి, తలాపున చెంబుతో నీళ్ళు, అంతే. ఫోను కిందనే వదిలేసి వస్తాను. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి ఇరవై నిమిషాలన్నా పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను వెలుగు చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

ఈ రోజుల్లో తొమ్మిదింటికి ఉత్తరం వైపు తిరిగితే సగం ఎత్తులో సప్తర్షులు కనిపిస్తారు. మా అవ్వ వాటిని ఋషులని చెప్పలేదు. నాలుగు చుక్కలు మంచం కోళ్ళు, వెనకున్న మూడూ ఆ మంచాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు అనేది. ఆ మంచానికి దొంగలు లేని వైపున్న రెండు చుక్కలు పులహుడు, క్రతువు. పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి, ఆ రెండింటి మధ్య దూరానికి ఐదింతలు పోతే ధ్రువుడు దొరుకుతాడు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి ఆకాశంలో సుమారు పది డిగ్రీలు కప్పుతుంది. ఒక ఊరి అక్షాంశం ఎన్ని డిగ్రీలో, అక్కడ ధ్రువుడు దాదాపు అన్ని డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మన కర్నూలు అక్షాంశం దాదాపు 16 డిగ్రీలు. అందుకే ధ్రువుడు మనకు నేల అంచు నుంచి ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తులోనే ఉంటాడు. ఢిల్లీలో అయితే మూడు పిడికిళ్ళకు కాస్త తక్కువ. మనం భూమి మీద ఎక్కడున్నామో ఉత్త చేత్తో కొలుచుకోవచ్చని తెలిసిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

దొంగల్లో నడిమివాడు వశిష్ఠుడు. ఆయన్ను ఆనుకుని సన్నగా మెరిసేది అరుంధతి. నా పెళ్ళిలో పురోహితుడు మిట్టమధ్యాహ్నం చూపిస్తే కనబడిందని తలూపాను. ఇప్పుడు నిజంగా చూస్తున్నాను. చత్వారం వచ్చి పేపరు చదవడానికి అద్దాలు కావాలి గానీ, అరుంధతికి అక్కర్లేదు.

ఇంకో సంగతి. మన నెలల పేర్లు అక్కడే ఉన్నాయి. చిత్ర దగ్గర నిండు చంద్రుడుంటే చైత్రం, విశాఖ దగ్గరైతే వైశాఖం, జ్యేష్ఠ దగ్గరైతే జ్యేష్ఠం. పౌర్ణమి రాత్రి చంద్రుడి పక్క చూస్తే ఏ నెలో తెలిసిపోతుంది. కార్తెలు సూర్యుడి లెక్క. ఆయన ఏడాదిలో 27 నక్షత్రాలు చుట్టి వస్తాడు కాబట్టి ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని అందరం అంటాం. ఆ కార్తెలో రోహిణి నక్షత్రం మాత్రం మనకు కనబడదు. సూర్యుడు అటే ఉంటాడు, ఆయన వెలుగులో అది మునిగిపోతుంది. అంతకుముందే కృత్తిక, మన పల్లెల్లో పిల్లలకోడి అంటారే అది, పడమట దిగిపోయి ఉంటుంది. పంచాంగం ఇంట్లో ఎన్నేళ్ళుగా ఉన్నా ఈ మాట నాకు తట్టింది మిద్దె మీదనే.

మా పక్కింటి పిల్లాడు పదేళ్ళవాడు, రోజూ వస్తాడు. "పెద్దనాయనా, ఈరోజు ఏది?" అంటాడు. సప్తర్షుల్లో ఆ మూడు చుక్కల వంపును అట్లే సాగదీస్తే, తూర్పున బాగా ఎత్తులో నారింజ రంగు మెరుపు తగులుతుంది. అది స్వాతి. ఇంకా సాగదీస్తే దక్షిణం వైపు తెల్లగా చిత్ర. దాని పక్కనే అరచెయ్యి గుర్తుగా హస్త. ఆగ్నేయంలో అప్పుడే లేచిన వృశ్చికం, దాని గుండెల్లో ఎర్రగా జ్యేష్ఠ. వాడికిప్పుడు ఇవన్నీ వచ్చు. నాకంటే ముందు వేలు చూపిస్తాడు.

స్వాతిని చూసినప్పుడల్లా నాకొక లెక్క గుర్తొస్తుంది. దాని వెలుగు మన దాకా రావడానికి సుమారు 37 ఏళ్ళు పడుతుంది. ఈ రాత్రి నా కంట్లో పడే వెలుగు బయల్దేరినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఇదే మిద్దె మీద అవ్వ పక్కన పడుకుని, మంచం, దొంగల కథ మళ్ళీ చెప్పమని సతాయించేవాణ్ణి. అవ్వ లేదు. ఆమె ఉన్నప్పుడు బయల్దేరిన వెలుగు మాత్రం ఇప్పుడు వస్తోంది.

మా వీధిలోనూ మిద్దెల మీద ట్యాంకులు పెరిగాయి, కింద వీధిదీపాలు తెల్లగా మండుతున్నాయి. సన్న చుక్కలు పోయాయి, అది బాధే. అయినా నేను చెప్పినవాటిలో చాలావరకు ఊళ్ళో నుంచే కనిపిస్తాయి. వీలైతే ఒక్క రాత్రి ఓర్వకల్లు వైపు, ఊరి వెలుగు దాటి వెళ్ళండి. అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్ళు మిద్దె తాళం అడిగి తీసుకోండి. పిట్టగోడ లేనిచోట పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు.

దక్షిణాన అడ్డం లేకపోతే త్రిశంకును వదులుకోవద్దు. నేల అంచుకు రెండు పిడికిళ్ళ లోపే, గాలిపటంలా నాలుగు చుక్కలు. మే నడుమ తొమ్మిది, తొమ్మిదిన్నరకు నిటారుగా నిలబడి ఉంటుంది. ఢిల్లీలో ఉన్న మా తమ్ముడికి ఇది పూర్తి రూపంలో కనబడదు. ఆ వయసులోనూ వాడికి నా మీద అసూయ.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది. తొలి చినుకు పడగానే మంచాలు కిందికి దించుతాం. అంతవరకూ ఆకాశం నిర్మలంగా ఉన్న ప్రతి రాత్రీ మేం పైనే ఉంటాం.

నమస్కారం.