కాంక్రీట్ కుండీ నిజంగా ఎకో ఫ్రెండ్లీయేనా?

[దృశ్యం: తెల్ల గోడ ముందు బూడిద రంగు కుండీ, అగరుబత్తి స్టాండు, చిన్న దీపం]

వ్యాఖ్యానం: ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే ఈమధ్య ఇవే. కాంక్రీట్ కుండీలు, కొవ్వొత్తి గిన్నెలు, టేబుల్ ల్యాంపులు. అన్నీ చేత్తో పోసినవే. చూడ్డానికి బాగుంటాయి, ఆ మాటకొస్తే నాకూ ఇష్టమే. కింద మాత్రం తప్పకుండా 'ఎకో ఫ్రెండ్లీ' అని రాసి ఉంటుంది. ప్లాస్టిక్ కాదు, చేత్తో చేశారు, అందుకని పర్యావరణానికి మంచిది అంటారు. ఆ లెక్క నాకు కుదరట్లేదు.

[దృశ్యం: సున్నపురాయి క్వారీ, తర్వాత సిమెంట్ ఫ్యాక్టరీ బట్టీ బొమ్మ]

సిమెంట్‌కి మూలం సున్నపురాయి. యర్రగుంట్ల, జగ్గయ్యపేట, హుజూర్‌నగర్ చుట్టుపక్కల అన్ని సిమెంట్ ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. దాన్ని మట్టితో కలిపి దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బొగ్గు పొగ సంగతి అందరికీ తెలుసు. అంతకంటే పెద్ద చిక్కు రాయిలోనే ఉంది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. మిగతా 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పోతుంది. బట్టీకి సోలార్ కరెంటు పెట్టినా ఈ 44 కిలోలు తప్పవు. ప్రపంచం మొత్తం మీద మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7-8 శాతం దాకా సిమెంట్ తయారీ నుంచే వస్తోంది.

చిన్న కుండీలో సిమెంట్ ఎంత ఉంటుంది, కిలో కూడా ఉండదు కదా అనొచ్చు. నిజమే, ఇంటి స్లాబు ముందు అదెంత! కాకపోతే 'ఎకో ఫ్రెండ్లీ' అన్న పేరు చెప్పి ధర పెంచి అమ్ముతున్నప్పుడు, ఏ సిమెంట్ వాడారని అడగడంలో తప్పులేదు.

[దృశ్యం: రెండు బస్తాలు పక్కపక్కన, తెల్ల సిమెంట్, మామూలు సిమెంట్]

డిజైన్ వస్తువులకి చాలామంది తెల్ల సిమెంట్ వాడతారు, రంగులు బాగా తేలతాయని. దాన్ని ఇంకా ఎక్కువ వేడి మీద కాల్చాలి. తెల్లదనం పోతుందని ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కూడా కలపలేరు. మామూలు బూడిద రంగు పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంట్) బస్తాలో అయితే 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ ఉంటుంది. రామగుండం, ఇబ్రహీంపట్నం లాంటి చోట్ల థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా మిగిలే బూడిదే అది. అంత మేరకు కొత్తగా రాయి కాల్చక్కర్లేదు. స్టీల్ ప్లాంట్‌లో మిగిలే స్లాగ్ అనే వ్యర్థం కలిపిన పీఎస్‌సీ (పోర్ట్‌లాండ్ స్లాగ్ సిమెంట్)లో ఈ వాటా ఇంకా ఎక్కువ, 70 శాతం వరకూ ఉండొచ్చు. బూడిద రంగు కుండీకి తెల్ల సిమెంట్ తెచ్చి, అందులో నల్ల రంగు కలపడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

[దృశ్యం: గాజు పలక మీద రంగుల డిజైన్ పోస్తున్న చేతులు]

చేతిపనిలో సిమెంట్‌ని ఎలా వాడాలో చూడాలంటే తమిళనాడులో శివగంగ జిల్లా ఆత్తంగుడి వెళ్లాలి. చెట్టినాడు ఇళ్లలో కనిపించే రంగురంగుల టైల్స్ అక్కడివే. గాజు పలక మీద ఇనుప చట్రం, అందులో డిజైన్ అచ్చు పెడతారు. సిమెంటు, ఇసుక, రంగు కలిపిన నీళ్లలాంటి మాలును గరిటెతో ఒక్కో గడిలో పోస్తారు. అచ్చు మెల్లగా పైకి తీస్తారు. చెయ్యి వణికితే రంగులు కలిసిపోతాయి. దాని మీద పొడి సిమెంటు, ఇసుక చల్లుతారు. అది కింది రంగు పొరలోని తేమ పీల్చుకుంటుంది. ఆపైన మామూలు మాలు నింపి తాపీతో చదును చేస్తారు. కొంత ఆరాక నీళ్ల తొట్టిలో దించి కొన్ని రోజులు ఉంచుతారు.

బట్టీ లేదు, పాలిష్ మిషన్ లేదు. ఆ మెరుపు గాజు నునుపు వల్ల వచ్చిందే. సిరామిక్ టైల్‌ని వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు, ఇక్కడ ఆ ఖర్చు లేదు. సిమెంట్ తయారీలో పోయిన కార్బన్ మాత్రం ఎలాగూ ఉంది. అయినా ఆ టైల్స్ తరాల పాటు నిలుస్తాయి, తుడిచేకొద్దీ నునుపెక్కుతాయి. నాకు ఇదే అసలు కొలత: ఎన్నాళ్లు ఉంటుంది?

[దృశ్యం: అచ్చులోంచి కుండీ తీయడం, దానిమీద తడి గోనెపట్టా కప్పడం]

ఎన్నాళ్లు ఉంటుందనేది క్యూరింగ్ మీద, అంటే పోశాక కొన్ని రోజులు తడిగా ఉంచడం మీద ఆధారపడి ఉంటుంది. సిమెంట్ ఎండి గట్టిపడదు, నీళ్లతో రసాయన చర్య నెమ్మదిగా జరిగి గట్టిపడుతుంది. బలాన్ని 28 రోజులకి పరీక్షించేది అందుకే. మన రోడ్ల పక్కన వరలు, గాబులు పోసేవాళ్లు తడి గోనెపట్టాలు కప్పి రోజూ నీళ్లు కొడతారు. ఇన్‌స్టాగ్రామ్ వీడియోల్లో మాత్రం మర్నాడే అచ్చు తీసి, అప్పుడే రంగేసి, ఫొటో పెట్టేస్తారు. ఏడాదిలో అంచులు రాలితే ఆశ్చర్యమేముంది?

నీళ్ల కొలత కూడా ముఖ్యమే. కిలో సిమెంట్‌కి సుమారు 400 మిల్లీలీటర్లు చాలు. ఇడ్లీ పిండిలా చిక్కగా ఉండాలి. అంతకంటే జారుగా కలిపితే ఆ ఎక్కువైన నీళ్లు ఆవిరై సన్న రంధ్రాలు మిగులుతాయి, వస్తువు బలహీనమవుతుంది. ఏటి ఇసుక బదులు రోబో సాండ్ (రాయి పిండి చేసిన ఇసుక) వాడొచ్చు, మరీ మెత్తటి పొడి మాత్రం జల్లించేయాలి.

[దృశ్యం: చేతి తొడుగులు, మాస్కు]

తడి సిమెంట్ గాఢమైన క్షారం, చర్మం కాలుతుంది. తొడుగులు తప్పనిసరి. పొడి కలిపేటప్పుడు మాస్కు కూడా. కొత్త కుండీని కొన్ని రోజులు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు మారుస్తూ ఉండి, తర్వాతే మొక్క నాటండి. కాంక్రీట్ ట్రేలో కోసిన నిమ్మకాయ, చింతపండు పెట్టొద్దు. పులుపు సున్నాన్ని తినేస్తుంది, మచ్చ పోదు.

[దృశ్యం: గిన్నెలో మిగిలిన మాలు, పక్కన చిన్న అచ్చులు]

ఎంత కొలిచినా చివర్లో కొంచెం మాలు మిగులుతుంది. కోస్టర్లు, తలుపు ఆపే దిమ్మెల అచ్చులు ముందే పక్కన పెట్టుకుని అందులో పోసేయండి. గిన్నెలు కడిగిన నీళ్లు సింకులో పోయకండి, పైపులో గడ్డకడుతుంది. బకెట్‌లో తేరనిచ్చి, పైన తేరిన నీళ్లు మళ్లీ గిన్నెలు కడగడానికి వాడుకుని, అడుగున గట్టిపడిన ముద్దని పగలగొట్టి తర్వాతి కుండీలో కంకరగా వేసుకోవచ్చు.