2027 గోడ క్యాలెండర్లు మూడు: ప్రకృతి, హాబీలు, పాత కార్లు. ఆరో వరుస దేంట్లో ఉంది?

నమస్కారం అండీ. ఈరోజు బల్ల మీద మూడు గోడ క్యాలెండర్లున్నాయి, మూడూ 2027వే. ఒకటి ప్రకృతి దృశ్యాలది, ఒకటి హాబీలది, ఒకటి పాతకాలపు కార్లది. మూడూ ఒకే ప్రచురణ సంస్థవి. రివ్యూ కోసం ఉచితంగా పంపారు, డబ్బేమీ ఇవ్వలేదు, ఇది చెప్పండి అది చెప్పకండి అని కూడా అనలేదు. కొలతలూ అవీ గబగబా చెప్పేస్తాను. మూసి ఉంటే 12 అంగుళాల చదరం, తెరిచి వేలాడదీస్తే 24 అంగుళాల పొడవు. అట్టతో కలిపి 28 పేజీలు, మడత దగ్గర రెండు పిన్నులు. లోపలి కాగితం 150 జీఎస్ఎం, అట్ట 250. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో.

బొమ్మల సంగతి తర్వాత చూద్దాం. ముందు తేదీల పేజీ. గోడ క్యాలెండర్‌లో అసలు పనిచేసేది అదే, అందరూ చివర్లో చూసేదీ అదే.

ఇదిగో, కార్ల క్యాలెండర్‌లో జనవరి. ఎడమవైపు కింద మూల, ఆదివారం గడి. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. ఒకే గడిలో 24, 31 రెండూ ఉన్నాయి. మధ్యలో ఏటవాలుగా ఒక గీత. ఇప్పుడు 31న ఏదో పనుంది, రాసుకోవాలి. ఎక్కడ రాస్తారు? గీత కింద మిగిలిన ముక్కోణంలో. ఆ ముక్కోణంలో ఒక ఫోన్ నంబరు కూడా పట్టదు. పైగా నెలాఖర్లో గబుక్కున చూస్తే, రాసింది 24కా 31కా అన్నది తెలియదు. క్యాలెండర్ అనే వస్తువులో ఇంతకన్నా పెద్ద తప్పు ఉండదని నా గట్టి అభిప్రాయం.

ఇదెందుకు వస్తుందో చెబుతాను. వారం ఆదివారంతో మొదలయ్యే క్యాలెండర్లో, 31 రోజుల నెల శుక్రవారం మొదలైనా, 30 లేదా 31 రోజుల నెల శనివారం మొదలైనా ఐదు వరుసలు చాలవు. 35 గళ్లు దాటిపోతాయి, ఆరో వరుస కావాలి. 2027లో జనవరి 1 శుక్రవారం, మే 1 శనివారం, అక్టోబర్ 1 శుక్రవారం. అంటే ఏడాదిలో మూడు నెలలకు ఆరో వరుస తప్పదు. సోమవారంతో మొదలుపెట్టే క్యాలెండర్ కొంటే ఆ నెలలు వేరు, మే, ఆగస్టు. దాంట్లో ఫిబ్రవరి మాత్రం ముచ్చటగా ఉంటుంది, ఒకటో తేదీ సోమవారం, 28 ఆదివారం, సరిగ్గా నాలుగు వరుసల్లో అయిపోతుంది.

అచ్చువేసేవాళ్లు పన్నెండు నెలలకూ ఐదు వరుసల చట్రం ఒకటే తయారు చేసుకుని, మిగిలిన తేదీలను పై గడిలోకి తోసేస్తారు. మరి ఆరు వరుసలు వేస్తే నష్టం ఎంత? ఇక్కడ స్కేలు పెట్టి కొలుద్దాం. గళ్ల భాగం మొత్తం ఎత్తు 240 మి.మీ. ఐదు వరుసలైతే ఒక్కో గడి 48 మి.మీ., ఆరైతే 40. పోయేది 8 మి.మీ. వెడల్పు 40 అలాగే ఉంటుంది. అంటే చక్కటి చదరపు గడి వస్తుంది, రెండు మూడు పనులు హాయిగా రాసుకోవచ్చు. ఈ 8 మి.మీ. కాపాడ్డం కోసం ఒక తేదీకి సగం గడి ఇవ్వడం ఏం న్యాయం?

ఇంకో సంగతి. ఆదివారంతో మొదలయ్యే చట్రంలో ఆరో వరుసలోకి వచ్చేవి ఎప్పుడూ ఆదివారం, సోమవారం మాత్రమే. మిగతా ఐదు గళ్లు ఖాళీ. 40 మి.మీ. చొప్పున అది 200 మి.మీ. పొడవున్న ఖాళీ జాగా. హాబీల క్యాలెండర్‌లో దాన్ని ఎలా వాడారో చూడండి. మే నెల. 30, 31 తేదీలకు వేరువేరు గళ్లు, ఆ పక్కన ఏప్రిల్, జూన్ నెలల చిన్న పట్టికలు, మిగతాది గీతలు గీసిన నోట్స్ జాగా. ఇదండీ పద్ధతి. ఒకే సంస్థ, ఒకే సైజు, ఒకే కాగితం. హాబీల దాన్ని ఎవరో బుర్ర పెట్టి అమర్చారు. కార్లదాన్నీ ప్రకృతిదాన్నీ పాత చట్రంలో పోసేశారు. ప్రకృతి దాంట్లో కూడా మూడు నెలల్లో అదే తప్పు.

పేజీ కింద అంచు దగ్గర, నడిమధ్యన ఈ చిల్లు చూశారా? ఇలా పిన్ను కొట్టిన క్యాలెండర్లలో ప్రతి కాగితానికీ చిల్లు ఉండాల్సిందే, ఎందుకంటే వచ్చే నెల తిప్పగానే ఈ అంచే పైకి వెళ్లి మేకుకు తగులుతుంది. ఏడు నిలువు వరుసల్లో నడిమిది బుధవారం. గళ్లను అంచుదాకా దించేస్తే చిల్లు బుధవారం గడిలో పడి అక్కడ రాసింది తినేస్తుంది. వీళ్లు కింద 15 మి.మీ. ఖాళీ వదిలారు, కాబట్టి మూడింటిలోనూ ఆ బాధ లేదు. ఇది మాత్రం మెచ్చుకోవాలి.

చిల్లు మాట వచ్చింది కాబట్టి బరువు సంగతి కూడా. 12 అంగుళాల చదరపు కాగితం, 150 జీఎస్ఎం అయితే దాదాపు 14 గ్రాములు. అలాంటివి 12, పైన 250 జీఎస్ఎం అట్ట రెండు రెక్కలు, వెరసి సుమారు 210 గ్రాములు. జనవరిలో మేకుకు తగిలి ఉండేది పై అట్ట, మొదటి కాగితం, అంతే. బరువంతా ఆ రెండు చిల్లుల మీదే. నెలలు గడిచేకొద్దీ పైకి తిప్పిన కాగితాలు పెరుగుతాయి, భారం పంచుకుంటాయి. అందుకే చిల్లు చిరిగేది ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే. సన్నటి గుండుపిన్ను లాంటిది గుచ్చితే అది కత్తిలా కోసుకుంటూ పైకి పోతుంది. 2.5 నుంచి 3 మి.మీ. లావున్న మేకు వాడండి, తల మాత్రం ఈ 6 మి.మీ. చిల్లులో దూరేంత చిన్నది ఉండాలి. కొట్టేటప్పుడు తలవైపు కాస్త పైకి ఉండేలా ఏటవాలుగా కొట్టండి. వేలాడదీసే ముందే పై అట్టకూ మొదటి కాగితానికీ వెనకవైపు పారదర్శక టేపు ముక్క అంటించి, చిల్లు మళ్లీ పొడవండి. చిరిగాక అంటిస్తే ఆ అంచు సరిగ్గా కుదరదు.

ఇప్పుడు కాగితం ఎలా వంగుతుందో చూద్దాం. ప్రకృతి క్యాలెండర్ వేలాడదీశాను, కింద అంచు ముందుకు చుట్టుకుంటోంది చూడండి. కాగితంలో పీచు ఒక దిశలో పరుచుకుని ఉంటుంది. తేమ పీల్చినప్పుడు ఆ పీచుకు అడ్డంగా ఉబ్బుతుంది, పీచు దిశ ఇరుసుగా చుట్టుకుంటుంది. పిన్ను కొట్టే పుస్తకాల్లో పీచును మడతతో పాటు ఉంచుతారు, లేకపోతే మడత దగ్గర రంగు పగిలి తెల్లగీత తేలుతుంది. వేలాడదీసినప్పుడు ఆ మడత అడ్డంగా ఉంటుంది కదా, దానివల్ల కింద అంచు పైకి చుట్టుకుంటుంది. కాబట్టి ఇది అచ్చు లోపం కాదు. 170 జీఎస్ఎం వేసి ఉంటే తక్కువ కనిపించేది. ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. కవరు విప్పగానే ప్రతి నెలనూ పూర్తిగా తెరిచి, మడత మీద బొటనవేలితో ఒకసారి గట్టిగా రుద్ది, తర్వాత మూసి బరువైన పుస్తకాల కింద ఒక రోజు ఉంచండి. అప్పటికీ చుట్టుకుంటే కింది రెండు మూలల్లో చిన్న క్లిప్పులు పెట్టండి.

పెన్ను పరీక్ష. ప్రకృతి, కార్ల క్యాలెండర్లలో తేదీల పేజీ కూడా నిగనిగలాడుతోంది. జెల్ పెన్నుతో రాసి, పదిదాకా లెక్కపెట్టి వేలితో రుద్దుతున్నాను. చూడండి, తోకచుక్కలా పాకింది. పెన్సిల్ అయితే అసలు పట్టడం లేదు. హాబీల దాంట్లో వార్నిష్, అంటే ఆ నిగనిగలాడే పూత, బొమ్మ పేజీకే వేశారు, తేదీల పేజీని వదిలేశారు. జెల్ పెన్ను, బాల్ పెన్ను, పెన్సిల్, మూడూ చక్కగా పడుతున్నాయి. నిగనిగలాడేది ఇప్పటికే కొనేసి ఉంటే దాని మీదకు బాల్ పెన్ను ఒక్కటే నమ్మకం.

సరే, బొమ్మలు. నిజం చెప్పాలంటే మూడింటిలోకీ బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నది కార్ల క్యాలెండరే, అందుకే దాని తేదీల పేజీ చూస్తే ఇంత కోపం. కార్ల ఫోటోలో అచ్చు నాణ్యత పట్టుకోవాలంటే రంగు చూడకండి, క్రోమ్ బంపర్ చూడండి. క్రోమ్‌కు సొంత రంగు లేదు, అంతా బూడిద ఛాయలే. నాలుగు రంగుల అచ్చులో బూడిద రావాలంటే సయాన్ (ఆకాశనీలం సిరా) కాస్త ఎక్కువ పడాలి, ఉజ్జాయింపుగా సయాన్ 50 శాతానికి మెజెంటా (ముదురు గులాబీ సిరా) 40, పసుపు 40. ఈ తూకం రవ్వంత తప్పినా బంపర్ గులాబీగానో ఆకుపచ్చగానో మారిపోతుంది. 10 రెట్ల భూతద్దం పెట్టి చూపిస్తున్నాను. చుక్కలు చిన్న పువ్వుల్లా గుండ్రంగా అమరాయి, ఏ రంగూ పక్కకు జరగలేదు, బంపర్ వెండిలాగే ఉంది. కారు ముందుజాలీ దగ్గర, చక్రం చువ్వల దగ్గర కూడా అలల్లాంటి గీతలు లేవు. సన్నటి జాలీ, అచ్చు చుక్కల జాలీ ఒకదాని మీద ఒకటి పడితే ఆ అలలు వస్తాయి. హాబీల దాంట్లో అల్లికల బొమ్మ మీద, స్వెటర్ భుజం దగ్గర, కొంచెం వచ్చాయి. నాలుగడుగుల దూరం నుంచి కనిపించవు.

ఇక చదరపు సైజు. అది కార్లకు సరిపడదు. 1959 కాడిలాక్ తీసుకోండి. పొడవు 5.7 మీటర్లు, ఎత్తు సుమారు 1.4. పక్కనుంచి తీసిన ఫోటోను 11 అంగుళాల వెడల్పులో ఇమిడిస్తే కారు ఎత్తు మూడు అంగుళాల లోపే. మిగతా అంతా ఆకాశం, రోడ్డు. లేదంటే కారు వెనక చేప రెక్కల్లా పైకి లేచి ఉండే ఆ రెక్కలు కత్తిరించాలి. ఆ కారుకు అందమే ఆ రెక్కలు! మామూలు కెమెరా ఫోటో 3:2 కొలతలో ఉంటుంది, దాన్ని చదరం చేస్తే మూడో వంతు పోతుంది. ఇక్కడ చాలావరకు ముందు మూల నుంచి తీసిన ఫోటోలు ఎంచుకుని తప్పించుకున్నారు, తెలివైన పనే.

ఒక శీర్షిక మాత్రం తప్పు. జూలైలో 1965 కార్వెట్ స్టింగ్ రే అని రాశారు. వెనక అద్దం చూడండి, మధ్యలో పట్టీతో రెండు ముక్కలుగా ఉంది. అలా రెండు ముక్కల అద్దం వచ్చింది 1963 మోడల్‌కు మాత్రమే, 1964 నుంచి ఒకే అద్దం. పాత కార్ల మీద ప్రేమతో కొనేవాళ్లు మొట్టమొదట చూసేది ఇలాంటివే. మార్చిలో బీటిల్ శీర్షిక మాత్రం సరిగ్గా ఉంది, 1955 అన్నారు, వెనక అద్దం కోడిగుడ్డు ఆకారంలో ఉంది. 1953కు ముందు దానికీ రెండు ముక్కల అద్దమే.

ప్రకృతి క్యాలెండర్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పొగమంచు కొండలు బాగున్నాయి, ఆకాశాల్లో మెట్లు మెట్లుగా చారలు లేవు. సరస్సు బొమ్మలో ముదురు నీలం ఊదాకు తిరిగింది, ఫోన్ తెర మీద కనిపించే ఆ నీలం నాలుగు సిరాల్లో రాదు.

నా మాట ఇదీ. రాసుకోవడానికైతే హాబీల క్యాలెండర్, రెండో ఆలోచన అక్కర్లేదు. ఊరికే చూసుకోవడానికైతే ప్రకృతిది. కార్లది ఈ రూపంలో కొనమని చెప్పలేను. కార్లే కావాలంటే 420 × 297 మి.మీ. అడ్డం సైజులో, పైన వైరు చుట్టిన క్యాలెండర్ వెతకండి, కారు నిండుగా కనిపిస్తుంది, చిల్లు చిరిగే గొడవ ఉండదు. పాత కాగితాలు దాచుకునే అలవాటున్నవాళ్లకు మరో దారి ఉంది. 2027 తేదీలు, వారాలు 1965తో, 1999తో, 2010తో, 2021తో అచ్చంగా కలుస్తాయి. 1965 నాటి కార్ల క్యాలెండర్ మీ దగ్గరుంటే నేరుగా తగిలించుకోండి. చంద్రుడి కళలు, పండుగలు మాత్రం దాంట్లో చూడకండి.

కార్లది ముందే కొనేశారా? 40 × 12 మి.మీ. తెల్ల స్టిక్కర్లు తీసుకోండి. గళ్ల కింద 15 మి.మీ. ఖాళీ ఉందన్నాను కదా, జనవరిలో ఆదివారం కింద ఒకటి అంటించి 31 వేయండి. మేలో ఆదివారం కింద 30, సోమవారం కింద 31. అక్టోబర్‌లో ఆదివారం కింద 31. చిల్లు బుధవారం దగ్గరుంది కాబట్టి అడ్డు రాదు. మొత్తం నాలుగు స్టిక్కర్లు.